వీహెచ్‌ఎఫ్‌లో మీరు చెప్పేది అవతలివాడు రాసుకోగలగాలి

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: కాకినాడలో నాన్నగారి మరబోటుకి కొత్తగా 25 వాట్ల వీహెచ్‌ఎఫ్ సెట్టు (ఓడలతో, ఒడ్డుతో మాట్లాడే రేడియో) పెట్టించారు. పిలుపులకూ ఆపదకూ అందరూ వినే ఛానెల్ 16లో ఓడలను పిలిస్తే పలకడం లేదు. పోర్టువాళ్ళు ఒకసారి పలికారు గానీ, నాలుగైదుసార్లు "సే అగైన్" (మళ్ళీ చెప్పండి) అని ఇక వదిలేశారు. సెట్టు మార్చాలా, మాట్లాడే తీరు మార్చాలా?

సెట్టు మార్చకండి. పోర్టుకి మీ గొంతు చేరింది కాబట్టి సెట్టు పనిచేస్తోంది. చేరినా అర్థం కాలేదంటే యాంటెన్నా వైపు ఏదో లోపమైనా ఉండాలి, మాట్లాడే పద్ధతిలో తేడా అయినా ఉండాలి. చాలా బోట్లలో రెండూ ఉంటాయి. నేను ఓడల్లో డెక్ ఆఫీసరుగా వాచ్‌లో నిలబడి ఇలాంటి పిలుపులు అందుకున్నవాణ్ణి, ఇప్పుడు ఒడ్డున సరంగులకు, అంటే బోటు నడిపేవాళ్ళకు, ఈ పని నేర్పుతున్నాను. అందుకే వినేవాడి వైపు నుంచి చెబుతాను. మీరు మాట్లాడుతున్నప్పుడు అవతల ఒక మనిషి చేతిలో పెన్సిల్ పట్టుకుని ఉంటాడు. అతనికి మీరు కనబడరు. మీరు చెప్పినదాంట్లో అతను కాగితం మీద పెట్టగలిగిందే అతనికి అందినట్టు.

ముందు యాంటెన్నా సంగతి. వీహెచ్‌ఎఫ్ తరంగం దాదాపు చూపు ఆనే మేరకే వెళుతుంది, భూమి వంపు దాటి పెద్దగా పోదు. అందుకే దూరాన్ని వాట్ల కంటే యాంటెన్నా ఎత్తే ఎక్కువగా తేలుస్తుంది. లెక్క సులువు: రెండు యాంటెన్నాల ఎత్తులు మీటర్లలో తీసుకుని, ఒక్కోదానికి వర్గమూలం కట్టి, రెండూ కలిపి రెండున్నరతో గుణించండి. వచ్చేది నాటికల్ మైళ్ళలో దూరం. నీటి మట్టం నుంచి మీ యాంటెన్నా 4 మీటర్ల ఎత్తులో ఉందనుకోండి. అలాంటిదే ఇంకో బోటుతో 10 మైళ్ళు, 25 మీటర్ల ఎత్తులో యాంటెన్నా ఉన్న ఓడతో 17 మైళ్ళ పైచిలుకు, ఒడ్డున 100 మీటర్ల ఎత్తులో ఉన్న స్టేషన్‌తో 30 మైళ్ళు. ఇది అంతా బాగున్నప్పటి మాట. మీ యాంటెన్నాని 4 నుంచి 9 మీటర్లకు లేపితే అదే ఓడ 20 మైళ్ళలో దొరుకుతుంది. ఎండాకాలం ఉదయాల్లో ఒక్కోసారి వంద మైళ్ళ అవతలి ఓడల మాటలు కూడా వినబడతాయి. అది గాలి పొరల ప్రభావం, దాన్ని నమ్ముకుని దూరం పోవద్దు.

తర్వాత కనెక్టర్. వీల్‌హౌస్ పైకప్పు మీద యాంటెన్నా కిందికి కేబుల్ వచ్చి కలిసేచోట ఆ ఇత్తడి బిరడా విప్పి చూడండి. లోపల పచ్చగా చిలుము పట్టి, కేబుల్ అల్లిక తీగ నల్లబడి ఉంటే మీ 25 వాట్లలో చాలా భాగం అక్కడే ఆగిపోతోంది. తుడిచి మళ్ళీ బిగిస్తే సరిపోదు. కేబుల్ లోపలి రాగి మెరిసేచోటి దాకా కోసి, కొత్త కనెక్టర్ వేసి, దానిమీద సాగదీసి చుడితే తనకు తానే అతుక్కునే రబ్బరు టేపు చుట్టించండి. మామూలు కరెంటు టేపు ఉప్పుగాలికి నెలల్లోనే విడిపోతుంది. బ్యాటరీ కూడా చూడండి. మైక్ బటన్ నొక్కగానే సెట్టు తెర మసకబారితే వోల్టేజీ పడిపోతోందని అర్థం. 25 వాట్లతో ప్రసారం చేసేటప్పుడు సెట్టు 5 ఆంపియర్లు, ఆ పైనే లాగుతుంది. సన్నటి వైరు అంత ఇవ్వలేదు. ఇంకొకటి, డెక్ మీది ఎల్‌ఈడీ లైట్లు వేయగానే సెట్టులో బుర్రుమని గోల మొదలైతే, ఆ గోల ఆపడానికి ఎవరో స్క్వెల్చ్ (బలహీనమైన శబ్దాలను అణిచే మీట) బాగా తిప్పేసి ఉంటారు. అప్పుడు దూరపు ఓడ మీకు జవాబిచ్చినా మీ సెట్టు నోరు మెదపదు. స్క్వెల్చ్‌ని గోల ఆగీ ఆగని చోట మాత్రమే ఉంచాలి.

సెట్టింగుల్లో ఇంటర్నేషనల్, యూఎస్‌ఏ, కెనడా అని మూడు ఉంటాయి. మనది ఇంటర్నేషనల్. ఛానెల్ 16 అన్నిట్లో ఒకటే, 156.800 మెగాహెర్ట్జ్. కాబట్టి అక్కడ తేడా తెలియదు. పోర్టువాళ్ళు పని ఛానెల్‌కి (16 వదిలి అసలు మాటలు మాట్లాడుకునే ఛానెల్‌కి) రమ్మన్నాక అక్కడ మాట కలవకపోతే ముందు ఇదే చూడండి.

ఇక మాట్లాడటం. బటన్ నొక్కే ముందు వినాలి. వీహెచ్‌ఎఫ్‌లో ఒకే ఛానెల్ మీద ఇద్దరు మాట్లాడితే బలమైన సిగ్నల్ గెలుస్తుంది, బలహీనమైనది పూర్తిగా మాయమైపోతుంది. ఎవరో చిన్న హ్యాండ్‌సెట్‌తో సాయం అడుగుతుంటే మీ 25 వాట్లు అతని గొంతు నులిమేసినట్టే, పైగా ఆ సంగతి మీకు తెలియను కూడా తెలియదు.

బటన్ నొక్కాక ఒక్క క్షణం ఆగి నోరు తెరవండి. నొక్కుతూనే మొదలుపెడితే మొదటి అక్షరాలు పోతాయి. ఆ పోయేది సాధారణంగా మీరు పిలుస్తున్న ఓడ పేరే అవుతుంది. మైక్ నోటికి రెండు మూడు అంగుళాల దూరంలో, కాస్త పక్కకు. గాలి మొహానికి కొడుతుంటే వీపు తిప్పి నిలబడండి. అరవొద్దు. అరిస్తే గొంతు పగిలి వెళుతుంది. మామూలు స్వరంతో, పక్కనున్నవాడు రాసుకుంటుంటే ఎంత మెల్లగా చెబుతారో అంత మెల్లగా చెప్పండి. సముద్రం గట్టిగా ఉన్నప్పుడు, ఇంజను మోతలో, ఇది అనుకున్నంత తేలిక కాదు. టెన్షన్‌లో అందరూ రెట్టింపు వేగంతో మాట్లాడతారు. అందుకే మామూలు రోజుల్లోనే మెల్లగా మాట్లాడే అలవాటు పడాలి.

ఓడలు ఎందుకు పలకవో ఇప్పుడు చెబుతాను. మనవాళ్ళు ఎక్కువగా "షిప్, షిప్, షిప్, బిగ్ షిప్, ఫిషింగ్ బోట్ కాలింగ్" అని పిలుస్తారు. రాత్రి రెండు గంటలకు బ్రిడ్జి మీద ఒక ఆఫీసరు, తోడు ఒక లుకౌట్ (చుట్టూ చూస్తూ కాపలా కాసేవాడు) ఉంటారు. ఆ పిలుపు వినబడే పరిధిలో పదో పదిహేనో ఓడలు ఉండవచ్చు. ప్రతి ఆఫీసరూ అది పక్కవాడికేమో అనుకుంటాడు. బద్ధకంతో కాదు, అది తనకే అని తెలిసే వీలు లేక. మీ బోటులో ఏఐఎస్ (చుట్టుపక్కల ఓడల పేరు, చోటు చూపే పరికరం) ఉంటే ఓడ పేరు తెర మీద కనబడుతుంది, పేరుతో పిలవండి. లేకపోతే అతను ఉన్న చోటుతో పిలవండి. ఇలా:

"మోటర్ వెసెల్ ఇన్ పొజిషన్ వన్ సిక్స్ డిగ్రీస్ ఫోర్ ఫైవ్ మినిట్స్ నార్త్, జీరో ఎయిట్ టూ డిగ్రీస్ త్రీ జీరో మినిట్స్ ఈస్ట్, హెడింగ్ నార్త్ ఈస్ట్. దిస్ ఈజ్ ఫిషింగ్ బోట్ లక్ష్మి, లక్ష్మి. ఐ యామ్ టూ మైల్స్ అహెడ్ ఆఫ్ యూ, నెట్స్ ఇన్ వాటర్. ఓవర్."

జీపీఎస్‌లో ఇదే చోటు తన ముందు కనబడుతుంటే ఇది తనకే అని అతనికి వెంటనే తెలుస్తుంది. "నీ ఎడమ పక్క", "నా ఎడమ పక్క" అనే మాటలు మాత్రం వాడొద్దు. ఎవరి ఎడమో తేలేలోపు అర మైలు గడిచిపోతుంది. ఉత్తరం, తూర్పు అని దిక్కుతోనే చెప్పండి. జవాబు రాకపోతే రెండు నిమిషాలు ఆగి మళ్ళీ పిలవండి. అలా మూడుసార్లకీ పలకకపోతే కాసేపు వదిలేయాలి. ఆపకుండా పిలుస్తూ ఉంటే మీ పిలుపు వెనుక ఇంకెవరి పిలుపో పోతుంది. పలికాక ఇద్దరూ పని ఛానెల్‌కి మారండి. ఓడల మధ్య మాటలకు అంతర్జాతీయ పట్టికలో 8, 72, 77 ఉన్నాయి. 6 కూడా ఉంది గానీ గాలింపు సమయంలో విమానాలతో మాట్లాడటానికి అది కావాలి, దాన్ని వదిలేయడం మంచిది.

ఓడ మీద పడేలా వస్తుంటే మాత్రం రేడియో మీదే కూర్చోకండి. రెండు పిలుపులకు పలక్కపోతే హారన్ ఐదుసార్లు గబగబా కొట్టండి, డెక్ లైట్లు వేయండి, సెర్చ్‌లైట్ మీ వల వైపూ మీ డెక్ వైపూ కొట్టండి. 1972 నాటి ఢీకొనకుండా ఉండే అంతర్జాతీయ నియమాల్లో ఐదు పొట్టి కూతలకు అర్థం "నువ్వు ఏం చేస్తున్నావో నాకు అర్థం కావట్లేదు" అని. ఆ కూత విన్న ఆఫీసరు ఏ దేశం వాడైనా కిటికీలోంచి బయటికి చూస్తాడు.

పేరు విషయం. బోటు పేరు పొడుగ్గా ఉంటే, శ్రీ వెంకట సీతామహాలక్ష్మి అనుకోండి, ఉక్రెయిన్ ఆఫీసరుకో ఫిలిప్పీన్స్ ఆఫీసరుకో అది పేరని కూడా తెలియదు. అందులో ఒక్క ముక్క పట్టుకోండి, లక్ష్మి చాలు. రాసుకోవాల్సి వస్తే అక్షరం అక్షరం: లీమా, ఆల్ఫా, కిలో, సియెర్రా, హోటల్, మైక్, ఇండియా. తర్వాత రిజిస్ట్రేషన్ నంబరులో చివరి అంకెలు. ఎప్పుడూ అదే పేరు వాడండి, ఓసారి బోటు పేరు, ఓసారి ఓనరు పేరు వద్దు.

నేను అన్నిటికంటే గట్టిగా పట్టుబట్టేది చోటు చెప్పడం గురించి. జీపీఎస్ తెర మీద 16° 45.50' ఉత్తరం, 082° 30.20' తూర్పు అని ఉందనుకోండి. ఇది కాకినాడ పోర్టుకు ఆగ్నేయంగా సుమారు 18 మైళ్ళు. ఇక్కడ 45 తర్వాతి చుక్క మీదే అంతా ఉంది. "ఫోర్ ఫైవ్ ఫైవ్ జీరో" అని చుక్క మింగేసి చదివితే రాసుకునేవాడు 45 నిమిషాల 50 సెకన్లు అనుకోవచ్చు, అప్పుడు 600 మీటర్ల తేడా. అది పరవాలేదు, కంటికి ఆనేంత దూరమే. కానీ "సిక్స్‌టీన్ పాయింట్ ఫోర్ ఫైవ్ ఫైవ్ జీరో" అన్నారనుకోండి. వినేవాడు దాన్ని దశాంశ డిగ్రీలుగా తీసుకుంటే మీరు ఉన్నచోటికి 18 మైళ్ళు దక్షిణాన వెతుకుతాడు. దాదాపు 34 కిలోమీటర్లు. రాత్రిపూట, నీళ్ళలో మనుషులున్నప్పుడు, ఆ తేడాకు విరుగుడు లేదు.

కాబట్టి ఇలాగే చదవండి, ప్రతి అంకె విడివిడిగా: "వన్ సిక్స్ డిగ్రీస్, ఫోర్ ఫైవ్ పాయింట్ ఫైవ్ జీరో మినిట్స్, నార్త్. జీరో ఎయిట్ టూ డిగ్రీస్, త్రీ జీరో పాయింట్ టూ జీరో మినిట్స్, ఈస్ట్." డిగ్రీస్, పాయింట్, మినిట్స్ అనే మూడు మాటలూ విడవకండి. తర్వాత వెంటనే తెలిసిన గుర్తు ఒకటి చెప్పండి: "కాకినాడ పోర్టుకు ఆగ్నేయం, 18 మైళ్ళు." అంకెల్లో ఎక్కడ పొరపాటు జరిగినా ఈ రెండూ కలవవు, అవతలివాడు అక్కడికక్కడే అడుగుతాడు. పక్క బోటు సరంగుకి ఇంత చెప్పక్కర్లేదు, ఎన్ని బారల లోతులో ఉన్నారో, ఏ చమురు రిగ్గు లైటు ఎటు కనబడుతోందో చెబితే చాలు, వచ్చేస్తాడు.

ఇక ప్రాణాపాయం. బోటు మునుగుతోంది, తగలబడుతోంది, మనిషి నీళ్ళలో పడి దొరకడం లేదు, ఇలాంటప్పుడే మేడే అనే ఆపద పిలుపు. ఎర్ర మూత కింద డిస్ట్రెస్ (ఆపద) బటన్ ఉంటే మూత ఎత్తి, సెట్టు లెక్కపెట్టడం అయ్యేదాకా, సుమారు ఐదు సెకన్లు, నొక్కి పట్టుకోండి. అది ఛానెల్ 70 మీద మీ బోటు గుర్తింపు నంబరునూ చోటునూ దానంతట అదే పంపుతుంది. ఎవరూ అందుకోకపోతే నాలుగు నిమిషాలకోసారి మళ్ళీ పంపుతుంది. అయితే ఒక షరతు. సెట్టులో ఆ తొమ్మిది అంకెల ఎంఎంఎస్‌ఐ నంబరు ఎక్కించి ఉండాలి, భారతదేశం వాటికి అది 419తో మొదలవుతుంది. జీపీఎస్ తగిలించి ఉండాలి. కొత్త సెట్టు బిగించిన మెకానిక్కులు ఈ రెండూ చేయకుండా వెళ్ళిపోవడం మామూలే. ఈరోజే చూడండి: తెర మీద అక్షాంశ రేఖాంశాలు కనబడుతున్నాయా? నంబరు ఉందా? లేకపోతే ఆ ఎర్ర బటన్ మీకు అక్కరకు రాదు.

బటన్ తర్వాత 16 మీద, పూర్తి పవర్‌తో:

"మేడే, మేడే, మేడే. దిస్ ఈజ్ ఫిషింగ్ బోట్ లక్ష్మి, లక్ష్మి, లక్ష్మి. మేడే లక్ష్మి. మై పొజిషన్..." అని పైన చెప్పినట్టు చోటు. తర్వాత "సింకింగ్" అనో "ఫైర్" అనో ఒక్క మాట. "ఐ రిక్వైర్ ఇమ్మీడియట్ అసిస్టెన్స్. ఎయిట్ పర్సన్స్ ఆన్ బోర్డ్." లైఫ్ జాకెట్లు ఉన్నాయో లేవో, తెప్పలోకి దిగుతున్నారో చెప్పి, "ఓవర్."

ఈ వరస ఊరికే పెట్టింది కాదు. మాట ఎక్కడ తెగిపోయినా అప్పటిదాకా చెప్పింది పనికొచ్చేలా పెట్టారు. నీళ్ళు బ్యాటరీ దాకా వస్తే పేరూ చోటూ చెప్పేంత సమయమే దొరకవచ్చు. ఎలా జరిగిందో, పంపు ఎందుకు పనిచేయలేదో చెబుతూ కూర్చుంటే చోటు చెప్పేలోపే సెట్టు ఆగిపోతుంది. మనుషుల లెక్క కూడా మరవొద్దు. ఎనిమిది మంది అని తెలిస్తే ఏడుగురు దొరికాక గాలింపు ఆపరు.

ఇంగ్లీషు రాకపోతే? మేడే అనే మాటా, అంకెలూ ఇంగ్లీషులో చెప్పి, మిగతాది తెలుగులోనే చెప్పేయండి. ఇది నా గట్టి అభిప్రాయం. మీకు అందరికంటే ముందు చేరేది పక్కనున్న మరబోటే, వాళ్ళకు తెలుగే వచ్చు. కోస్ట్‌గార్డు కాకినాడలోనూ విశాఖలోనూ ఉంది. సరైన ఇంగ్లీషు వాక్యం కోసం వెతుక్కుంటూ మౌనంగా ఉండిపోవడం కంటే "మేడే, మేడే, మేడే, మునిగిపోతున్నాం, ఎనిమిది మందిమి" అనడం నూరు రెట్లు నయం.

పిలుపు అందరికీ వెళ్ళాలి, తెలిసినవాడికి మాత్రమే కాదు. 2014 ఏప్రిల్ 16న దక్షిణ కొరియాలో సెవోల్ అనే ఫెర్రీ ఒరిగిపోతున్నప్పుడు బ్రిడ్జి మీదివాళ్ళు మొదట ఛానెల్ 12 మీద తాము వెళుతున్న జెజు కేంద్రాన్ని పిలిచారు. దగ్గర్లో ఉన్నది జిందో కేంద్రం. జిందో వాళ్ళతో మాట కలిసేసరికి పది నిమిషాలకు పైగా గడిచిపోయింది. ఆ ప్రమాదంలో 304 మంది చనిపోయారు, వాళ్ళలో ఎక్కువ మంది స్కూలు పిల్లలు. చావులకు కారణాలు ఇంకా చాలా ఉన్నాయి, కెప్టెన్ ప్రయాణికులను బయటికి రమ్మనకపోవడం అన్నిటికంటే పెద్దది. కానీ ఆ పది నిమిషాలు నేను నేర్పే ప్రతి సరంగుకీ చెబుతాను. మనవాళ్ళూ కష్టం రాగానే ముందు ఓనరుకి ఫోన్ చేస్తారు. ఫోన్ ఒక్కడికే వెళుతుంది, ఆ ఒక్కడూ ఒడ్డున ఉంటాడు. 16 మీద పిలిస్తే చుట్టూ ఉన్న బోట్లు, కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్ రిగ్గుల దగ్గర తిరిగే సప్లై ఓడలు, దారిన పోయే కార్గో ఓడలు అన్నీ వింటాయి. సిగ్నల్ ఉంటే ఫోన్‌లో కోస్ట్‌గార్డు 1554 కూడా కొట్టండి, కానీ రేడియో తర్వాతే.

ఇంజను ఆగిపోయింది, కొట్టుకుపోతున్నాం గానీ నీళ్ళు రావడం లేదు. లేదా కళాసీకి గుండెనొప్పి వచ్చింది. వీటికి మేడే కాదు, "పాన్ పాన్" అని మూడుసార్లు. తర్వాత వరస అదే. కొట్టుకుపోతున్నది ఒడ్డు వైపో రిగ్గు వైపో అయితే ఆ దూరం, వేగం కూడా చెప్పండి. పరిస్థితి ముదిరితే మేడేకి మారడానికి వెనకాడొద్దు. పరువు పోతుందని పాన్ పాన్ దగ్గరే ఆగినవాళ్ళు ఉన్నారు.

ఇంకొకరి మేడే వినబడితే మొదట కాగితం తీసి చోటు రాసుకోండి. కోస్ట్‌గార్డు పలుకుతుందేమో కాసేపు వినండి. ఎవరూ పలకకపోతే మీరు పలకండి: "మేడే, ఫలానా బోటు, దిస్ ఈజ్ లక్ష్మి, రిసీవ్డ్ మేడే." ఒడ్డుకు మీ గొంతు చేరదనుకుంటే ఓడకు చెప్పండి, వాళ్ళ యాంటెన్నా ఎత్తు, వాళ్ళ దగ్గర శాటిలైట్ కూడా ఉంటుంది. "మేడే రిలే" అని మూడుసార్లు అని, పిలుస్తున్నది మీరని మీ పేరు చెప్పి, ప్రమాదంలో ఉన్న బోటు పేరూ చోటూ చదవండి, మీ చోటు కాదు. "సీలాన్స్ మేడే" అని వినబడితే దాని అర్థం సాయం చేస్తున్నవాళ్ళు తప్ప మిగతా అందరూ నోరు మూసుకోవాలని.

ఇక్కడ ఒక మాట మన హార్బర్ల గురించి చెప్పాలి. "ఏం పడ్డాయి బావా, రొయ్య ఎంత పలుకుతోంది" అనే కబుర్లు 16 మీద గంటలకు గంటలు నడుస్తుంటాయి. వాటితో విసిగి మిగతా బోట్లవాళ్ళు సెట్టు కట్టేస్తారు. అసలు ఆపద వచ్చినప్పుడు వినేవాడు ఉండడు. కబుర్లు తప్పు కాదు, 72కి మారండి, అంతే. మైక్‌ని కొక్కేనికి తగిలించే అలవాటు చేసుకోండి. పరుపు కింద నలిగి బటన్ నొక్కుకుపోతే మీ చుట్టూ పది మైళ్ళ మేర 16 మూగబోతుంది. ఎర్ర బటన్ పొరపాటున నొక్కుకుంటే భయపడి సెట్టు కట్టేయడం కాదు చేయాల్సింది. 16 మీద పేరు, ఎంఎంఎస్‌ఐ, చోటు చెప్పి "క్యాన్సిల్ మై డిస్ట్రెస్ అలర్ట్" అనండి. చెప్పకపోతే ఎవరో మీకోసం బయల్దేరతారు.

30 మైళ్ళు దాటి పోయే బోటైతే ఈ సెట్టుతో ఒడ్డు దొరకదు, చుట్టుపక్కల ఓడలే దిక్కు. ఇస్రో తయారుచేసిన డిస్ట్రెస్ అలర్ట్ ట్రాన్స్‌మిటర్ శాటిలైట్ ద్వారా నేరుగా కోస్ట్‌గార్డుకు చేరుతుంది. రెండో తరం పరికరంలో మీ సందేశం అందిందని జవాబు కూడా వస్తుంది. అది కూడా బోటులో ఉండాలి. రేడియో పాడైతే అని 5 వాట్ల వాటర్‌ప్రూఫ్ హ్యాండ్‌సెట్ ఒకటి ఛార్జి పెట్టి ఉంచండి. నీళ్ళలోనో తెప్ప మీదో ఉన్నప్పుడు యాంటెన్నా మీ తల ఎత్తులోనే ఉంటుంది కాబట్టి అది కొద్ది మైళ్ళే వెళుతుంది, అయినా వెతుక్కుంటూ వచ్చే బోటుని మీ వైపు తిప్పడానికి అది చాలు.

నాన్నగారికి మేడే వరస ఒక అట్ట మీద తెలుగు అక్షరాల్లో పెద్దగా రాసి, ప్లాస్టిక్ కవరు వేసి మైక్ పక్కన అంటించండి. పేరూ నంబరూ ముందే నింపి, చోటుకి మాత్రం ఖాళీ ఉంచండి. హార్బర్‌లో ఉన్నప్పుడు సెట్టు ఆపేసి, బటన్ నొక్కకుండా, కళాసీలందరి చేతా ఒక్కోసారి పైకి చదివించండి, సరంగే నీళ్ళలో పడిన రోజున చదవాల్సింది వాళ్ళే. కనెక్టర్ మార్చాక పోర్టు పని ఛానెల్ మీద ఒక్క రేడియో చెక్ అడిగి చూడండి. అప్పటికీ "సే అగైన్" అంటుంటే సెట్టు మోడల్, యాంటెన్నా ఎత్తు, కేబుల్ పొడవు ఇక్కడ రాయండి, చూద్దాం.